ఉచ్చైశ్శ్రవం తోక

మాది సిరిసిల్ల. సూరత్ దగ్గర సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో రంగుల మాస్టర్‌ని. పాలిస్టర్ బట్టకు 130 డిగ్రీల వేడిలో రంగు ఎక్కించడం నా పని. మా గది వెనక సందులో ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. కాఠియావాడీ జాతి, చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతాయి. గుజరాతీల వరఘోడో ఊరేగింపుల్లో పెళ్లికొడుకులను మోస్తుంది. దాని యజమానిని అందరం చాచా అంటాం.

పోయిన మాఘమాసంలో చాచా వచ్చి, "మాస్టర్‌జీ, పెళ్లివాళ్లకు తోక గులాబీ రంగులో కావాలట. మీ మిల్లు రంగు కొంచెం ఇప్పించు" అన్నాడు. అది ఒంటికి పూసేది కాదు చాచా, గోరింటాకు పెట్టుకో అని పంపేశాను. ఆ రాత్రంతా కద్రువ గుర్తొస్తూనే ఉంది.

నన్నయగారి ఆదిపర్వంలోని కథే. ఉచ్చైశ్శ్రవమనే గుర్రం ఒళ్లంతా తెలుపంది కద్రువ సవతి వినత. తోక నలుపంది కద్రువ. ఓడినవాళ్లు దాస్యం చెయ్యాలి. ఇప్పుడే పోయి చూద్దామంటే, రేపు చూద్దామంది కద్రువ. ఈలోపు పాములైన తన కొడుకులను పిలిచి తోకకు వేలాడమంది. కాదన్నవాళ్లను జనమేజయుడి సర్పయాగంలో చావమని శపించింది. వాళ్లలో కర్కోటకుడు పోయి వేలాడాడు. తెల్లారి కంటితో చూసి వినత దాసి అయింది.

కద్రువ చేసింది పాపమే, అందులో నాకు అనుమానం లేదు. నన్ను కలవరపెట్టేది వినత. ఎందుకమ్మా, ఒక్కసారి ఆ తోక చేత్తో పట్టుకోలేదు? కంటిని ఎంత నమ్మాలో నా పనిలో రోజూ చూస్తాను. ట్యూబ్‌లైట్ కింద అచ్చం ఒకటిగా ఉన్న రెండు షేడ్లు ఎండలోకి తెస్తే విడిపోతాయి. చూసినదాన్ని సత్యమనుకోవడానికి ఎంత దూరం దాకా పోవాలి? నా మటుకు నాకు, చెయ్యి తగిలేదాకా.

ద్రోణపర్వంలో అర్జునుడు సైంధవుణ్ణి చంపాల్సిన రోజు, యుద్ధం నడుమ గుర్రాలు సొమ్మసిల్లితే కృష్ణుడు వాటిని రథం నుంచి విప్పాడు. వాటి ఒంట్లో దిగిన బాణాలు తన చేత్తో పీకి, ఒళ్లు తోమి, నీళ్లు తాగించాడు. గీత చెప్పిన నోటికన్నా ఆ చేతికే నేను ముందు దండం పెట్టుకుంటాను.

గోరింటాకు పెట్టే రోజు చాచా దగ్గరే నిలబడ్డాను. గుర్రం వెనక కాదు, పక్కన నిలబడి, తొడ మీద చెయ్యేసి తను వచ్చినట్టు దానికి తెలియజేశాడు. తోకను ఎడమచేత్తో గుప్పిట పట్టి, కొసల నుంచి చిక్కులు తీశాడు. దువ్వెన లేదు, ఒట్టి వేళ్లు, కాస్త కొబ్బరినూనె. మొదలు నుంచి లాగితే వెంట్రుకలు తెగుతాయి, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుందన్నాడు. పిడుదులేమన్నా ఉన్నాయేమోనని తోక మొదట్లో వేళ్లు పెట్టి, ఆగిపోయాడు.

వెనకటి ఊరేగింపులో కట్టిన జరీదారం. వెంట్రుకల్లో మాయమై, తోలులోకి దిగిపోయి ఉంది. రోజూ చూస్తున్న మాకెవరికీ కనపడలేదు. చాచా చిన్న కత్తెరతో తెంపి, పసుపు అద్దాడు. గుర్రం కాసేపు కదల్లేదు. తర్వాత తోక ఎత్తి, పొట్ట మీది ఈగలను ఒక్క ఊపుతో తోలింది.

గోరింటాకు గిన్నె పక్కన పెట్టేసి, ఆ పెళ్లికి రాలేనని చెప్పడానికి చాచా ఫోన్ తీశాడు.