జబ్బు ఉత్తుత్తిగా తిరగబెడుతుందా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించిన వైద్యగ్రంథాల్లో ‘సూడో రిలాప్స్’ అనే మాటొకటి ఉంది. రిలాప్స్ అంటే జబ్బు తిరగబెట్టడం. దానికి ముందు ‘సూడో’ చేరేసరికి తిరగబెట్టినట్టు కనబడడమే తప్ప నిజంగా తిరగబెట్టకపోవడం అవుతుంది. మన మాటల్లో చెప్పుకుంటే, ఉత్తుత్తి తిరగబెట్టడం. ఆసుపత్రిలో అవసరం కొద్దీ పుట్టిన ఈ మాట గుమ్మం దాటి ఇంటికొచ్చాక ఏం చేస్తుందన్నదే నా ప్రశ్న.

ముందు శరీరం సంగతి. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఈ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే ఆ తొడుగు మీద దాడి చేస్తుంది. దెబ్బ తగిలిన చోటును బట్టి చూపు మసకబారడం, కాళ్లు బరువెక్కడం, తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం, ఎంత పడుకున్నా తీరని అలసట వస్తాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందిలో 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే చదువూ ఉద్యోగం పెళ్లీ పిల్లలూ అన్నీ ఒకేసారి మీదపడే వయసులో బయటపడుతుంది.

దాడి తగ్గాక చాలామంది కోలుకుంటారు. కానీ తొడుగు ఊడిన నరం ఆ తర్వాత అంచుమీద పనిచేస్తూ ఉంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అందులో సంకేతం దారిమధ్యలో ఆగిపోవచ్చు. 1890లోనే విల్‌హెల్మ్ ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు శ్రమపడ్డాక రోగుల చూపు తగ్గి, విశ్రాంతితో మళ్లీ రావడం గమనించాడు. శ్రమ వల్ల అనుకున్నాడు, అసలు కారణం వేడి అని తర్వాత తేలింది. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. జ్వరం పాత గాయాలన్నిటినీ లేపుతుంది. మూడేళ్ల కిందట పడిపోయిన కాలే మళ్లీ పడిపోతుంది. జ్వరం లేకపోయినా, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడడానికి ఒళ్లు విడుదల చేసే రసాయనాలు ఆ పని చెయ్యగలవు. కొత్త గాయం మాత్రం ఏర్పడదు. ఇన్‌ఫెక్షన్ తగ్గితే కొద్ది రోజుల్లోనో వారాల్లోనో మనిషి మునుపటి స్థితికి వస్తుంది.

ఈ తేడా కనిపెట్టడం వైద్యుడి బాధ్యత. నిజంగా తిరగబెడితే తరచుగా పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఇస్తారు. అవి రోగనిరోధక శక్తిని అణిచేస్తాయి. లోపల ఇన్‌ఫెక్షన్ దాగుంటే అది విజృంభిస్తుంది. అందుకే జబ్బు తిరగబెట్టిందని అనాలంటే లక్షణాలు కనీసం 24 గంటలు ఉండాలి, జ్వరమో ఇన్‌ఫెక్షనో ఉండకూడదు అని నిర్వచనంలోనే రాసుకున్నారు. ఆ విభజన మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే గీత మరీ అంత స్పష్టం కాదని కూడా చెప్పుకోవాలి. జలుబూ దగ్గూ లాంటి వైరస్ జబ్బుల తర్వాతి వారాల్లో నిజమైన దాడి వచ్చే అవకాశం పెరుగుతుంది కూడా.

‘సూడో’కి మన శాస్త్రభాషలో మాట మిథ్య. అమీబాకి మిథ్యాపాదాలని బడిలో చదువుకున్నాం. పాపం, ఆ మిథ్యాపాదాలతోనే అది నడుస్తుంది! అద్వైతులు మిథ్యని అసత్తుతో కలిపెయ్యలేదు. కుందేటి కొమ్ము అసత్తు, అది ఎవరికీ ఎప్పుడూ కనబడదు. తాడులో పాము మిథ్య. కనబడుతుంది, భయపెడుతుంది, దీపం తెచ్చి చూస్తే పోతుంది. జ్ఞానం వల్ల తొలగిపోయేదే మిథ్య అని వాళ్ల నిర్వచనం. ఈ కొలతతో చూసినా, మూత్రపరీక్ష రిపోర్టు చేతికి రాగానే కాళ్ల బరువు దిగిపోవాలి. దిగదు. కారణం తెలిశాక కూడా గోడ పట్టుకునే నడవాలి. మందు పనిచెయ్యాలి, రోజులు గడవాలి. ఇక్కడున్నది తాడు కాదు, పామే. కాకపోతే మరో జాతిది.

ఈ విషయంలో వైద్యచరిత్ర చూపించే వింత ఒకటుంది. ఎమ్మారై రాకముందు ఈ జబ్బు నిర్ధారణకి వేడినీళ్ల పరీక్ష చేసేవారు. రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, చూపు తగ్గుతుందేమో, కాళ్లు సడలుతాయేమో చూసేవారు. సడలితే జబ్బు నిజం. 1980లలో ఎమ్మారై వచ్చింది. ఆ పరీక్ష తర్వాత కొందరిలో లక్షణాలు తిరిగి సర్దుకోలేదని కూడా బయటపడింది. తొట్టి మూలకు పోయింది. అంటే, ఒకప్పుడు వేడికి ఒళ్లు సడలడమే నిజానికి సాక్ష్యం. ఇప్పుడు అదే సడలింపుకి ‘సూడో’ అని పేరు. ఒళ్లు మారలేదు, సాక్షి మారాడు. ఫిల్ములో కొత్త మచ్చ కనబడకపోతే మనిషి చెప్పేది పక్కకు పోతుంది.

ఇంకా వెనక్కి వెళితే పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రి కనిపిస్తుంది. 1868లో షార్కో ఈ జబ్బుకి సమగ్రమైన రూపం ఇచ్చింది అక్కడే. తర్వాతి దశాబ్దాల్లో హిస్టీరియా అంటూ ఆడవాళ్లని సభలో నిలబెట్టి ప్రదర్శించిందీ అక్కడే. చచ్చిపోయాక కోసి చూస్తే మచ్చలు దొరికినవాళ్లది జబ్బు, ఏమీ దొరకనివాళ్లది హిస్టీరియా. వచ్చిపోయే లక్షణాలున్న ఆడదాని నిజాయితీ ఆమె చచ్చాక గాని తేలదన్నమాట. వందేళ్ల తర్వాత కూడా, చెల్లో విద్వాంసురాలు జాక్వెలీన్ డు ప్రే వేళ్లలో స్పర్శ పోతోందంటే, 1973లో జబ్బు పేరు తెలిసేదాకా ఆ ఇబ్బందుల్ని మానసిక ఒత్తిడి ఖాతాలో వేసినవాళ్లున్నారు.

నాకు బాగా తెలిసిన లెక్చరరు ఒకామె ఈ జబ్బుతో పదేళ్లుగా ఉంటోంది. ‘సూడో’ అని డాక్టరు చెప్పినప్పుడు ఆమె సంతోషించింది. కొత్త నష్టం లేదంటే ఎవరికైనా ఊరటే కదా. ఆ ఊరట ఇంటికొచ్చేసరికి ఇలా తిరిగింది: “డాక్టరుగారు కొత్తగా ఏం లేదన్నారుగా అమ్మా, కాస్త మనసు గట్టి చేసుకో” అంది అత్తగారు. “మొన్న పెళ్లిలో బాగానే తిరిగావుగా” అన్నాడు భర్త. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. ఎప్పుడూ నడవలేని మనిషిని నమ్మడం వాళ్లకి తేలికే. మొన్న నడిచి ఇవాళ నడవలేనిదాన్ని నమ్మడమే కష్టం. తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో, చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి మాటకి విలువ తగ్గించడాన్ని ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించింది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది దాని తర్వాతి మెట్టు. కొన్నాళ్లకి ఆ లెక్చరరే నన్ను అడిగింది: “నిజంగానే నేను ఎక్కువ చేస్తున్నానంటావా?” తన కాలు చెప్పేది నమ్మాలంటే ఆమెకి మరొకరి అనుమతి కావలసివచ్చింది.

అసలు ఆమెకి ఆ ఇన్‌ఫెక్షన్ ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. ఈ జబ్బులో లక్షణాల్ని ఎగదోసే ఇన్‌ఫెక్షన్లలో మూత్రనాళానివి ముఖ్యమైనవి, ఎందుకంటే దెబ్బతిన్న నరాల వల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిపోయిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. దానికి తోడు ఆమె పనిచేసే కాలేజీలో ఆడవాళ్ల బాత్‌రూమ్ రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కలేక పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తుంది. నీళ్లు తాగకపోతే ఇన్‌ఫెక్షన్, ఇన్‌ఫెక్షన్‌తో కాళ్ల బలహీనత, దాంతో మెట్లు మరింత దూరం. మనలో చాలామంది బడినుంచీ నేర్చుకున్న విద్యే ఇది. ఆమె విషయంలో అది నడకని తీసుకుపోతోంది. ఈ గొలుసులో ఏ లంకెని సూడో అనాలి?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. గొప్ప సంగతే. అయితే రిజర్వేషన్ల లాంటి కొన్ని హక్కులకు కనీసం 40 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఉండాలి. ఏ రోజు కొలిస్తే ఆ శాతం? జ్వరం వచ్చిన మంగళవారమా, తగ్గిన శుక్రవారమా? మంచిరోజున వెళితే అర్హత ఉండదు. చెడ్డరోజున అక్కడిదాకా వెళ్లలేదు. ఒకే అంకెలో ఇమడని శరీరాన్ని ఏం చెయ్యాలో కాగితానికి తెలియదు.

మొన్న మళ్లీ అలాగే అయింది. ఈసారి గొంతునొప్పితో మొదలై కుడికాలు, ఆ తర్వాత చూపు. ఆరు రోజులు సెలవు పెట్టింది. దరఖాస్తులో కారణం అన్న చోట ఏం రాశావని అడిగాను. జ్వరం అని రాసిందట. దానికైతే ఎవరూ ఏమీ అడగరంది.