కానరాని పనితనము

చూచువారు లేని చోట చేసిన పనికి విలువ కలదా? ఈ ప్రశ్న శిల్పకళ యంత ప్రాచీనమైనది. దీనిని పరీక్షించుటకు దేవాలయ గోపురముల నెక్కనక్కరలేదు. అరచేతిలో నిలుచు ఒక నమూనా విమానము చాలును.

నాట్ అను చిన్న యుద్ధవిమానము భారత వాయుసేన పక్షమున 1965, 1971 యుద్ధములందు పోరాడినది. దానిని 72వ వంతునకు తగ్గించి చేసిన నమూనా జానెడు పొడవైనను ఉండదు. పెట్టెలో దొరకు విడిభాగములతో తృప్తి నొందని ఔత్సాహికుడు దాని చోదకుని గదిని స్వయముగా నిర్మించుకొనును. పలుచని ప్లాస్టిక్ రేకును కోసి ఆసనమును, పరికరముల ఫలకమును చేయును. విద్యుత్తీగలోని రాగిపోగులను వంచి గొట్టములుగా అమర్చును. సన్నని లోహపు రేకును చీల్చి ఆసనపు పట్టీలుగా మలచును. 80 మిల్లీమీటర్ల వ్యాసము గల డయలు ఇచ్చట 1 మిల్లీమీటరును కొంచెము మాత్రమే మించును. దానిపై ఒక చుక్క వార్నిషు వేసినచో అదియే అద్దమగును. ఇంత చేసి, తుదకు పైకప్పు నతికించును. పిమ్మట ఆసనపు తలభాగము, ఫలకపు అంచు తప్ప తక్కినదెల్ల చీకటిలో మునుగును.

ఇది వ్యర్థశ్రమ యని లోకము నవ్వును. సత్యమునకు చేయు సేవ యని అతడు బదులు చెప్పును. ఈ మాటను ఊరక అంగీకరింపరాదు. ఏలయన, అతడు సత్యమును అక్షరాలా పాటింపలేడు. 1 మిల్లీమీటరు మందము గల అల్యూమినియము రేకు, ఆ లెక్కన, మిల్లీమీటరులో 72వ వంతు కావలెను. అంత పలుచని ఆసనము చేతికి నిలువదు. నల్లని భాగములను నల్లగనే పూసినచో వివరములన్నియు అణగిపోవును. కావున రంగులో కొంత బూడిదవన్నె కలుపును. మూలలందు నీడను సైతము కుంచెతో దిద్దును. నిజముగా దోచుటకై నిజమును తప్పుచున్నాడన్నమాట.

ఇందు మోసము కలదా? లేదని నా తలంపు. మోసగాడు చూచువాని అజ్ఞానమువలన లాభమును కోరును. ఇతడు తాను చేసిన ప్రతి మార్పునకును కారణము చెప్పగలడు. మూతపడిన చోట అతనికి లాభమును లేదు. కనబడు మూలకు పెట్టుకొన్న నియమమునే కనబడని మూలకును పాటించుచున్నాడు. నిజాయితీ యనగా ఇంతకన్న వేరొకటి కాదు.

అయినను ఇంతకన్న బరువైన సందేహమొకటి మిగులును. 1971 డిసెంబరు 14న శ్రీనగరుపై దాడికి వచ్చిన ఆరు సేబర్ విమానములను నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్ నాట్ విమానముతో ఎదుర్కొని, ఆ పోరులో ప్రాణములు విడిచెను. వాయుసేనలో పరమవీరచక్రమును పొందినవాడు నేటికిని ఆయన ఒక్కడే. అట్టి విమానపు ఆసనమును చేయుచు పట్టీల కొక్కెములను లెక్కించువాడు, ఆ పట్టీలు బంధించి యుంచిన మనుష్యుని మరచునేమో! మీట నొక్కినచో 30 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండును పేలెడివి. ఎదుటి విమానమునను ఒక మనుష్యుడే యుండెను. పనితనపు సొగసు యుద్ధమును వేడుకగా మార్చివేయునేమో!

మార్చవచ్చును. కాని ఆ ప్రమాదమునకు విరుగుడు కూడ ఆ పనిలోనే కలదు. ఈ మీట ఇచ్చటనే యేల యుండెనని అడిగినవానికి, దానిని అందుకొన్న చేయి స్ఫురింపక తప్పదు. ఆసనపు వెడల్పును కొలిచినవానికి, అందు కదలుటకు చోటులేక కూర్చున్న దేహము స్ఫురించును. ఆ స్ఫురణ కలిగినచో శ్రమ సార్థకము. పైకప్పు మూసినను నష్టము లేదు. అది కలుగనిచో, పైకప్పు తెరచి లోకమునకెల్ల చూపినను ఆ గది శూన్యమే.