సహనమంటే నొప్పిని దాచుకోవడమా?

సోరియాసిస్ ఉన్న మనిషికి రెండు బాధలు. ఒకటి చర్మంపై పొలుసులు, దురద. రెండోది, పక్కన కూర్చున్నవారు దూరం జరగడం. నిజానికి ఇది అంటువ్యాధి కాదు. కరచాలనం చేసినా, ఒకే పళ్లెంలో తిన్నా సోకదు.

అలాంటి మనిషికి ఒకనాడు కీళ్ల నొప్పులు మొదలవుతాయి. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి. మడమలు నొప్పి పెడతాయి. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ కనిపించదు. "నీకేమీ లేదు" అంటారు ఇంట్లోవాళ్లు. ఇక అతను సహనం పేరుతో మౌనం వహిస్తాడు.

ఇది సహనమేనా? ఆలోచించండి. సోరియాసిస్ వల్ల వచ్చే కీళ్లవాతంలో ఆ పరీక్ష సాధారణంగా నెగటివ్‌గానే వస్తుంది. దాన్ని తేల్చే ఏకైక పరీక్ష అంటూ లేదు. చర్మం, గోళ్లపై గుంటలు, కీళ్ల వాపు, ఎక్స్‌రే అన్నీ కలిపి చూసి కీళ్లవ్యాధుల నిపుణుడే నిర్ధారించాలి. ఆలస్యమైతే కీళ్లు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

శరీరం మనకు అప్పగించబడిన అమానతు. దాన్ని పాడవనిచ్చి ఊరుకోవడం సహనం కాదు, నిర్లక్ష్యం. జవాబు దొరికేదాకా విసుగు చెందకుండా అడగడమే సహనం. కంటికి కనిపించని నొప్పిని కూడా నమ్మడం చుట్టూ ఉన్న మనందరి బాధ్యత.