ఎవరిని అడుగవలెను?

చదువుము: యోహాను 5:1–9, 1 తిమోతి 5:3–16

బేతెస్ద కోనేటియొద్ద పడియున్న రోగి ముప్పది యెనిమిది యేండ్ల వ్యాధిగ్రస్తుడు. ప్రభువు అతని స్థితిని ఎరిగియుండెను. అయినను బాగుపడుట నీకు ఇష్టమా యని అతనినే అడిగెను. అతడు అవుననలేదు, కాదనలేదు. నీరు కదలు వేళ తనకు తోడు నిలుచువారే లేరని మొఱపెట్టుకొనెను. రోగము అందరి కంటికిని కనబడినదే. దిక్కు లేమి మాత్రము అడిగినప్పుడే బయటపడెను.

ఇట్లు అడుగుట ఒక విద్య. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మితానిన్ కార్యక్రమము ఆరంభమైనది. దానికి కావలసిన శిక్షణను రాయపూర్‌లోని రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రము సిద్ధపరచుచు వచ్చినది. దేశమంతట ఆశా కార్యకర్తలు 2005లో ఏర్పడుటకు మునుపటి మాట ఇది. మితానిన్ అనగా ఆ ప్రాంతపు భాషలో జీవితకాలము నేస్తము కట్టుకొనిన చెలికత్తె. పేరు పెట్టినవారు ఆలోచించియే పెట్టిరి. దాదాపు 70,000 మంది స్త్రీలు తమ తమ వాడలలో ఇల్లిల్లు దర్శించుదురు.

ఆశా కార్యకర్తలు గృహదర్శనమున నింపు పత్రములో 60 యేండ్లు నిండినవారికి ప్రత్యేక ప్రశ్నలు గలవు. నడచునప్పుడు తూలుచున్నారా? తినుటకు, స్నానమునకు ఇతరుల సాయము కావలెనా? తనవారి పేర్లు మరచుచున్నారా? విధవరాండ్ర లెక్కకు పౌలు వ్రాసిన వయస్సును అరువదియే. ఆమెకు బిడ్డలు, మనుమలు ఉన్నారేమో మొదట చూడుమని అతడు తిమోతికి తెలిపెను.

అయితే ఆ ప్రశ్నలకు ఉత్తరమిచ్చునది ఎవరు? కోడలు వాకిటనే నిలిచి, అత్తమ్మ బాగుగానే ఉన్నదనినయెడల పత్రము నిండును. ముసలమ్మ నోరు విప్పదు. నేర్పరియైన కార్యకర్త మంచినీళ్లడిగి లోనికి పోవును. మంచము ప్రక్కనే కూర్చుండును. చెంబు చేతికందు దూరమున నున్నదా, ప్రక్క తడిసియున్నదా, మాత్రలు ఎవరియొద్ద నున్నవి, పింఛను ఎవరి చేతికి పోవుచున్నది, మోచేతిమీద ఆ కమిలిన గుర్తు ఏమిటి? ఇవన్నియు ఒంటరిగా నున్నప్పుడే మెల్లగా అడుగును. కోడలిని వెంటనే దోషిగా నెంచదు. రాత్రింబవళ్లు చాకిరి చేసి అలసిన ఆమెకును తోడు ఎవరును లేకపోవచ్చును.

బిడ్డలు పోషింపనియెడల తల్లిదండ్రులు 2007 నాటి చట్టము క్రింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయింపవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను నంబరు కలదు. అయినను కుమారునిమీద ఫిర్యాదు వద్దని తల్లి అనవచ్చును. ప్రాణాపాయమున్నచో ఊరకుండరాదు, లేనిచో ఆమె మాటకు విలువ ఇయ్యవలెను. ప్రభువు ఆ రోగి ఇష్టమును అడిగెను గదా.

మన సంఘములలోను గృహదర్శనములు కొదువ లేదు. కీర్తన పాడి, వాక్యము చదివి, ప్రార్థించి, కాఫీ త్రాగి లేచుదురు. మూలనున్న వృద్ధురాలు ఒక్క మాటయు పలుకలేదని ఎవరికిని తోచదు. ఇంటివారు కాఫీకై వంటగదిలోనికి పోయిన ఆ కొద్ది నిమిషములలో కుర్చీ ఆ మంచమువైపు జరుపుకొని, "అమ్మా, రాత్రివేళ లేవవలసి వచ్చినయెడల ఎవరిని పిలుచుచున్నారు?" అని అడుగవచ్చును.