సంతకం పెట్టినవారే చదవాలి



కోయంబత్తూరులోను, మదురైలోను తరాల క్రిందటే స్థిరపడిన మన ఇళ్లలో మూడు భాషలు కాపురం చేస్తున్నాయి. ఇంట్లో తెలుగు, దస్తావేజులో తమిళం, హైకోర్టు తీర్పులో ఇంగ్లీషు. నాయక రాజుల కాలం నుండి ఇక్కడే ఉన్నామని చెప్పుకొనే కుటుంబమైనా, మిల్లు పనికో మున్సిపాలిటీ పనికో తరువాత వచ్చిన కుటుంబమైనా, కోర్టు మెట్లు ఎక్కేసరికి అందరి పరిస్థితీ ఒక్కటే. ప్లీడరుగారు చెప్పినంతే మనకు తెలుస్తుంది.

ఆ ప్లీడరుగారి బల్లమీదికి ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. జూనియరు రెండు రోజులు కూర్చుని వెదికే పాత తీర్పులను అది నిమిషాలలో చూపిస్తుంది. నోటీసు రాస్తుంది, పిటిషను రాస్తుంది, వంద పేజీల కాగితాలను ఒక పేజీకి కుదిస్తుంది. కోర్టులు కూడా ఇటువంటి సాధనాలను దగ్గరకు తీశాయి. ఇంగ్లీషు తీర్పులను తమిళం, తెలుగు మొదలైన భాషలలోకి మార్చడానికి సుప్రీంకోర్టు 2019 నవంబరులో ‘సువాస్’ను ప్రవేశపెట్టింది. కేసు కాగితాలలోని సంగతులను ఏరి న్యాయమూర్తి ముందు ఉంచే ‘సుపేస్’ 2021 ఏప్రిల్‌లో వచ్చింది.

దీనిని మేము తేలికగా తీసివేయడం లేదు. తన ఇంటి మీద వచ్చిన తీర్పులో ఏముందో తెలియక, ఆ కాగితాన్ని మడిచి ట్రంకుపెట్టెలో దాచుకొన్న వృద్ధులు మన మధ్య ఉన్నారు. అది తమ భాషలో వినబడితే వారికి జరిగిన మేలు చిన్నది కాదు.

అయితే మమ్మల్ని ఆలోచింపజేస్తున్న ప్రశ్న వేరు. పని యంత్రం చేసినప్పుడు జవాబు చెప్పవలసినది ఎవరు? ఆ జవాబు చెప్పగల మనిషి ఎక్కడ తయారవుతాడు?

2023లో న్యూయార్కులో జరిగిన సంగతి చాలామంది వినే ఉంటారు. విమానంలో లోహపు బండి తగిలి గాయపడిన ఒక ప్రయాణికుని తరఫున వేసిన కాగితాలలో, చాట్‌జీపీటీ ఇచ్చిన ఆరు తీర్పులు ఉన్నాయి. ఆ ఆరూ ఎక్కడా లేవు. ఇవి నిజమైనవేనా అని వకీలు మళ్లీ ఆ యంత్రాన్నే అడిగితే, నిజమైనవేనని చెప్పిందట! అబద్ధసాక్షిని పిలిచి, నీ సాక్ష్యం నిజమేనా అని అతణ్ణే అడిగినట్లుంది. కోర్టు ఇద్దరు వకీళ్లకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. యంత్రాన్ని వాడటం తప్పని మాత్రం కోర్టు అనలేదు. సరిచూడకపోవడం తప్పన్నది. మన దేశంలో కూడా, 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక ఆదాయపు పన్ను ఉత్తర్వును కొట్టివేసింది. అధికారి ఆధారంగా చూపిన తీర్పులు లేనే లేవు.

ఈ తప్పులు రేపు తగ్గవచ్చు. యంత్రం బాగుపడుతుంది. కాని మా ప్రశ్న అంతటితో తీరదు.

వకీలు తయారయ్యేది కాలేజీలో సగమే. మిగతా సగం సీనియరు ఆఫీసులో, కేసుకట్టలు మోస్తూ, వాయిదాలు రాసుకొంటూ, పాత తీర్పులు పూర్తిగా చదువుతూ నేర్చుకొన్నదే. మన దేశంలో ఈ శిక్షణ ఎప్పుడూ గట్టి నేలమీద నిలవలేదు. పట్టా తరువాత ఉండిన తప్పనిసరి శిక్షణను 1973లో చట్టం నుండి తీసివేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఏడాది శిక్షణను మళ్లీ తెచ్చింది. అలా నియమించే అధికారం చట్టం కౌన్సిలుకు ఇవ్వలేదని 1999లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. సివిలు జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న అదే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పుస్తకంతో రానిది కోర్టు హాలులో వస్తుందని ఒప్పుకొన్నట్లే కదా.

2024 జూన్‌లో మద్రాసు హైకోర్టు మన ఊళ్ల పేర్లు ఎత్తి ఒక మాట చెప్పింది. చెన్నై, మదురై, కోయంబత్తూరులలో జూనియరుకు నెలకు కనీసం 20,000 రూపాయలు, ఇతర చోట్ల 15,000 ఇవ్వాలని. అంతవరకు బస్సు చార్జీలతో సరిపెట్టుకొన్న పిల్లలు ఎందరో. తండ్రికి ఆఫీసు ఉన్నవాడు ఆ ఏళ్లు ఎలాగో గడుపుతాడు. మిల్లు కార్మికుని కూతురు గడపలేదు. గనుక ఆ మాట న్యాయమైనది. కాని అదే సమయంలో, అంతకంటె ఎంతో తక్కువ ఖర్చుకు యంత్రం సిద్ధంగా ఉంది. సీనియరు ఎవరిని పెట్టుకొంటాడు? జూనియర్లు లేని ఆఫీసు నుండి ఇరవై ఏళ్ల తరువాత సీనియరు ఎలా వస్తాడు?

దీనికి సులువైన జవాబు మా దగ్గర లేదు. పుస్తకాల గది లేని పేద విద్యార్థికి ఈ యంత్రమే గ్రంథాలయం కావచ్చు. దానిని వద్దనడం అన్యాయం. మేము అడిగేది ఒక్కటే. సంతకం పెట్టేవారు అసలు కాగితాన్ని తమ కళ్లతో చదవాలి. ఆ చదవడానికి పట్టే కాలాన్ని కూడా పనిగా లెక్కించి సీనియరు జీతం ఇవ్వాలి. పాలక్కాడు దారి పట్టి అవతలికి వెళితే, కేరళ హైకోర్టు 2025 జూలైలో తన క్రింది కోర్టులకు ఇటువంటి హద్దే పెట్టింది. తీర్పు నిర్ణయించడానికి యంత్రాన్ని వాడరాదు. అది చేసిన అనువాదాన్ని అర్హుడైన అనువాదకుడో, న్యాయమూర్తి స్వయంగానో సరిచూడాలి.

ఆ సరిచూడటం ఎంత అవసరమో మన ఇళ్లవారికి వేరే చెప్పనక్కరలేదు. తమిళ దస్తావేజులో ‘చిత్తి’ అని ఉన్నా, ‘అత్తై’ అని ఉన్నా, ఇంగ్లీషులోకి రెండూ ‘ఆంటీ’గానే దిగవచ్చు. అక్కడి నుండి తెలుగులోకి వచ్చేసరికి పిన్ని మేనత్త అవుతుంది. నాన్నగారి తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తిలో మేనత్తకు హక్కు ఉంటుంది, పిన్నికి ఉండదు. ఒక్క మాట జారితే ఒక ఇల్లు జారుతుంది. అటువంటి కాగితం చేతికొచ్చిన మన జూనియరు అసలు తమిళ ప్రతిని ముందు పెట్టుకోవాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఆ ఇంటికి వెళ్లి, గడపలో కూర్చున్న పెద్దావిడను “అవ్వా, ఈవిడ మీకు ఏమవుతారు?” అని తెలుగులో అడగాలి.