పాత అద్దము

పనికిరాదని నిశ్చయించిన వస్తువునెడల మనుష్యునకు ధర్మమేమైన కలదా? ఈ ప్రశ్న నాకు శాస్త్రగ్రంథములలో తటస్థింపలేదు. నేను మెట్రిక్యులేషను వరకు చదివి గుమాస్తాగా జీవితము గడపినవాడను. బళ్ళారిలో ఒక మోటారు మరమ్మతు కొట్టమునందు, పాత అంబాసిడరు కారు ప్రక్కన కూర్చుండగా ఇది నాకు తోచినది.

ఆ కారు మా పెదనాన్నగారిది. వారు ప్రత్తి వ్యాపారులు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, బళ్ళారి పట్టణము మైసూరు రాష్ట్రమున చేరినది. సరిహద్దు గీచినంతమాత్రమున ఆదోని బేరము ఆగునా? అటుపిమ్మట కొన్న యీ కారులోనే పెదనాన్నగారు ఆ గీతను వారమునకు రెండు మార్లు దాటుచుండెడివారు. 2014లో ఉత్తరపారా కర్మాగారము ఈ బండ్ల తయారీని నిలిపివేసినది. వారు అంతకు మునుపే స్వర్గస్థులైరి.

దాని ముందు తలుపులలో గాలికొరకు త్రిప్పుకొను త్రికోణపు చిన్న అద్దములు కలవు. సండూరు, హోసపేట దిక్కుల ఖనిజపు లారీలు విరివిగా తిరిగిన దినములలో దారిదుమ్ము వానిని గీచి గీచి మసక చేసినది. రాత్రివేళ ఎదురుబండి దీపము పడినచో ఆ గీతలు వెలుగును చెదరగొట్టును. డ్రైవరునకు దారి కానరాదు. ప్రక్క అద్దములగుండ వెలుగు నూటికి 50 వంతులైనను పోవలెనని 1989 నాటి కేంద్ర మోటారువాహన నియమములు విధించినవి. ఆ లెక్క యెట్లున్నను, దారిని పోవు పరాయివాని ప్రాణమును మన మమకారమునకు పణముగా పెట్టరాదు గదా! మార్చుటకే నిశ్చయించితిమి.

తొంబదికి చేరువైన పెద్దమ్మ మాత్రము “అద్దము మారినాక అది ఆయన కారేనా, నాయనా?” అని యడిగినది. మిలిందరాజును నాగసేన భిక్షువు అడిగినదియు ఇట్టిదే: ఇరుసు రథమా, చక్రము రథమా, నొగ రథమా? వేటికవి రథము కావని రాజు ఒప్పుకొనక తప్పలేదు. ఆ వాదమును పెద్దమ్మకు వినిపించు ధైర్యము నాకు లేకపోయినది.

మనుమడు తొందరపాటువాడు. “పారవేసే అద్దమే కదా, సుత్తితో ఒక్కటి వేస్తే సరి” అనెను. వృద్ధుడైన మేస్త్రీ ఒప్పుకొనలేదు. అది కాల్చి, వెంటనే చల్లార్చి గట్టిపరచిన అద్దము. పైపొర నొక్కుకొని, లోపలిభాగము లాగబడి, ఆ రెండు బలములు సరితూగి నిలిచియుండును. అంచున దెబ్బ తగిలినచో సమస్తము ఒక్కసారిగా పలుకులై చట్రపు గాడిలోనికిని తలుపు కడుపులోనికిని రాలును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. అట్టి అద్దమును గట్టిపరచిన పిమ్మట కోయ వీలులేదు. ముందుగా ఆకారమునకు కోసి పిదప కొలిమిలో పెట్టవలయును. “ఇది పోతే కొత్తదానికి కొలత యెవరిస్తారు, స్వామీ?” అని ఆయన నన్నడిగెను.

పని మూడు దినములు పట్టినది. చట్రమునకును అద్దమునకును నడుమనున్న రబ్బరు రాయివలె బిగిసినది. మొదటి దినము గాడివెంబడి కిరసనాయిలు చుక్కలుగా వదలి ఊరక విడిచెను. రెండవ దినము పలుచని రేకుబద్దను రబ్బరునకును లోహమునకును నడుమ చొప్పించి, అంచు తాకకుండ వెంట్రుకవాసి చొప్పున కదలించెను. మూడవనాడు కొయ్యముక్కను అడ్డుపెట్టి తట్టెను. ఆ దెబ్బయు చట్రమునకే గాని అద్దమునకు కాదు.

ఆ మూడు దినములును నా మనస్సు వేరొక చోట నుండెను. నేను పనిచేసిన ఒక కచ్చేరీలో గడువు తీరిన కాగితముల నేరివేయు పని ఒక వేసవిలో నా పాలబడినది. చెదలు పట్టిన కట్ట నొకదానిని విప్పి చూడకయే తగులబెట్టవలసిన పట్టికలో వ్రాసి సంతకము చేసితిని. మరుసటి సంవత్సరము ఒక బంట్రోతు భార్య, భర్త పోయిన పిమ్మట, ఆయన ఉద్యోగమున చేరిన తేదీకై వచ్చినది. ఆ సంవత్సరపు కట్ట యేదో నాకు జ్ఞాపకమే. నియమము ప్రకారము నా తప్పు లేదని పై అధికారి చెప్పెను, నిజమే. ఆమె నాలుగు మార్లు వచ్చి, పిదప రాలేదు. నేను తగులబెట్టినది ఆమెకు రావలసినదాని కొలత.

అన్నియు దాచుకొనవలెనని నా వాదము కాదు. అట్లయిన కచ్చేరీలలో మనుష్యులు కూర్చుండ చోటుండదు. ఆ అద్దము తీయవలసినదే, ఆ కాగితములు పోవలసినవే. కాని తీయుట వేరు, పగులగొట్టుట వేరు. విప్పి చూచుటకు నాకు పట్టెడి కాలము అరగంట.

కుడివైపు క్రొత్త అద్దము సరిగా కూర్చున్నది. పాతదానిని మేస్త్రీ తుడిచి, వార్తాపత్రికలో చుట్టి యిచ్చెను. పెద్దమ్మ తన పెట్టెలో పెట్టుకొన్నది. ఎడమవైపుది, పెదనాన్నగారు మోచేయి ఆనించి కూర్చుండెడి వైపుది, ఇంకను అట్లే యున్నది. దానికి ఆమె ఒప్పుకొనలేదు. మేమును తొందరపెట్టుట లేదు. రాత్రివేళ మాత్రము బండి తీయుట లేదు.