చుట్టు నున్నవారెవరు?

(2 రాజులు 6:8–23 చదువుడి)



మన పిల్లలు బడిలో 'సరౌండ్' అను ఇంగ్లీషు మాటకు 'చుట్టుముట్టుట' అని అర్థము నేర్చుకొందురు. లాటిను భాషలోని దాని మూలమునకు నీరు పొంగి పొర్లుట అని అర్థము. ఇంగ్లీషులో మొదట అది వరదనీటికే చెల్లెను. 'రౌండ్' అను మాట పోలికచేత తరువాత చుట్టుకొనుట అను అర్థము వచ్చెను. యోనా ప్రార్థనలో ఈ రెండును కలవు: తరంగములు అతని మీదుగా పోయెను, అగాధము అతని చుట్టు మూసుకొనెను.

కంచె పైరును చుట్టుకొనును. ఉచ్చు పిట్టను చుట్టుకొనును. ఒకటి కాపుదల, ఒకటి చెర. కనుక చుట్టినదెవరో, ఎందుకో చూడవలెను.

సిరియా సైన్యము రాత్రివేళ దోతానును చుట్టుకొనెను. ఉదయమున ఎలీషా పనివాడు చూచి బెదరెను. ప్రవక్త మొదట వాని కన్నులు తెరువుమనియే ప్రార్థించెను. అప్పుడు వానికి అగ్ని రథములతో నిండిన కొండ కనబడెను. గమనించుడి: శత్రువులు చుట్టినది పట్టణమును, అగ్ని రథములున్నది ఎలీషా చుట్టును. శత్రువుకంటె దేవుని సహాయమే దగ్గర.

అయితే ప్రతి ముట్టడియు ఇట్లు ముగియదు. క్రీ.శ. 70లో రోమా సైన్యము యెరూషలేమును చుట్టి పడగొట్టెను. అట్టి దినము వచ్చునని ఎరిగిన ప్రభువు ఆ పట్టణమును చూచి ఏడ్చెను. కావున అప్పులు, రోగము, వానలేమి మనలను చుట్టవని మేము చెప్పము. అవి చుట్టినప్పుడు మనము ఒంటరివారము కామని చెప్పుచున్నాము. మనకొరకు ఏడ్చిన ప్రభువు మనతో నున్నాడు.

దోతాను కథ అంతటితో ముగియలేదు. చుట్టిన సైన్యమే షోమ్రోను నడుమ చిక్కెను. కొట్టుదునా అని రాజు అడిగెను. ఎలీషా వద్దని, వారికి భోజనము పెట్టుమనగా రాజు పెట్టి పంపించెను. ఆ దోపిడి దండులు రావడము మానెను.

దేవుడు మన చుట్టు నుండవలెనని రోజును ప్రార్థింతుము. మన చేతిలో చిక్కినవారి సంగతి యేమి? బాకీ తీర్చలేని కూలివాడు, గట్టు తగాదాలో ఓడిన పొరుగువాడు, పుట్టిల్లు దూరమైన కోడలు మన నడుమ నున్నారు. వారికి మనము కంచెయా, ఉచ్చా? ఈ నెల ప్రభువు బల్లయొద్దకు రాకముందే అట్టి ఒకరిని పిలిచి, మన ఇంట అన్నము పెట్టుదము. దేవుడు మన కన్నులు తెరచునుగాక. ఆమేన్.